నూటయేబది దినముల పైరు, ఏడు దినముల చదువు

ముత్యపుచిప్ప పుట్టగొడుగుల పెంపకమును నేర్చుకొన వచ్చిన యువరైతు స్థితిని మొదట చూడుడు. వరిగడ్డిని చిన్న ముక్కలుగా నరికి, నానబెట్టి, వేడినీటిలో శుద్ధిచేసి, తడి కొంత ఆరిన పిమ్మట పాలిథిన్ సంచులలో పొరలు పొరలుగా నింపుచు నడుమనడుమ పుట్టగొడుగు విత్తనమును చల్లుదురు. ఆ సంచులను చీకటిగదిలో ఉంచినచో తెల్లని శిలీంధ్రపు పోగులు గడ్డి నంతటిని అల్లుకొనుటకు 15 మొదలు 20 దినములు పట్టును. తరువాత గాలి, వెలుతురు, తేమ తగినట్లు సమకూర్చినచో మరి కొలది దినములకు మొగ్గలు పొడసూపును. మొదటి కోత చేతికి వచ్చుసరికి ఇంచుమించు ఒక నెల గడచును. పచ్చబూజు పట్టుట, ఈగలు చేరుట, మొగ్గలు ఎండిపోవుట మొదలగు చిక్కులు కూడ ఈ నెలలోనే తలయెత్తును.

గ్రామీణ యువతకు నైపుణ్య శిక్షణ నిచ్చుటకై కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన పథకమున శిక్షణకు నిర్ణయించిన కాలము 7 దినములు. మొదటిదినమున సంచి కట్టిన యువకుడు ఏడవదినమున ప్రమాణపత్రమును చేతబట్టుకొని బస్సెక్కునప్పటికి అతని సంచి ఇంకను చీకటిగదిలోనే యుండును. పచ్చబూజును అతడు చూచునది తన యింటిలో, తన సొమ్ముతో కట్టిన సంచులలో, అడుగుటకు ఎవరును దగ్గర లేనప్పుడు.

పట్టుపురుగుల సంగతియు ఇట్టిదే. గ్రుడ్డునుండి వెలువడిన పురుగు నాలుగుమారులు కుబుసము విడచి గూడు కట్టుటకు పూనుకొనువరకు సుమారు 25 దినములు పట్టును. ఏడవదినమున అది రెండవ జ్వరము దగ్గర నుండును. ఆకును విపరీతముగా తినునదియు, రోగమునకు లోబడి రైతును ముంచునదియు అయిదవ దశ. ఇక వరిమాట చెప్పనక్కరలేదు. మార్టేరు పరిశోధన కేంద్రమునుండి 1982లో వెలువడి స్వర్ణ యను పేర దేశమెల్ల వ్యాపించిన ఎం.టి.యు. 7029 రకము పంటకాలము 150 దినములు. అందు ఏ ఏడు దినములను చూచినచో వరిసాగు తెలియును?

శిక్షణ కోరువారు తక్కువగా ఉన్నచో ఈ ప్రశ్న అంత బాధింపదు. కాని కోరువారు పెరుగుచున్నారు. పదవతరగతియో ఇంటరో చదివి తండ్రి చేనిలో దిగినవారు, పట్టణములలో పనిచేసి 2020లో కరోనా నాళ్లలో ఊరు చేరి అక్కడనే నిలిచిపోయినవారు, భర్త వలసపోగా సేద్యము తలకెత్తుకొన్న యువతులు, అందరును నేడు ఏదో ఒకటి నేర్చుకొనవలెనని తిరుగుచున్నారు. దీనికి విరుద్ధముగా తోచు లెక్క యొకటి కలదు. 2003లో జాతీయ నమూనా సర్వే సంస్థ దేశమంతట రైతు కుటుంబములను ప్రశ్నించినప్పుడు నూటికి 40 మంది, వీలున్నచో సేద్యము మాని వేరొక వృత్తిని చేపట్టుదుమనిరి. మానవలెనను కోరిక, నేర్చుకొనవలెనను కోరిక పరస్పరము విరుద్ధములని తోచవచ్చును. కాని రెండింటికిని మూలమొకటే. 2015–16 వ్యవసాయ గణన ప్రకారము దేశమున సగటు కమతము 1.08 హెక్టారు. ఇంత చిన్న కమతమున తాతనాటి సేద్యముతో సంసారము గడవదు. గడవని సేద్యమును విడుచుటయో, మార్చుటయో తప్పదు. మార్చదలచినవాడే శిక్షణకు వచ్చుచున్నాడు. అతనిని వట్టి చేతులతో పంపినచో రెండవసారి రాడు.

అదే 2003 సర్వేలో మరియొక ప్రశ్న అడిగిరి: నూతన సేద్యవిషయములు మీకు ఎవరు చెప్పుదురు? నూటికి 60 కుటుంబములకు ఎవరును చెప్పుటలేదు. చెప్పినవారిలో మొదటి స్థానము తోటి రైతులది, 16.7 శాతము. తరువాత ఎరువులు, పురుగుమందులు అమ్ము దుకాణదారులు 13.1, రేడియో 13.0. ప్రభుత్వ విస్తరణోద్యోగి 5.7 శాతము కుటుంబములకు మాత్రమే అందెను. యువరైతుల శిక్షణకై ప్రత్యేకముగా వెలసిన కృషి విజ్ఞాన కేంద్రము వంతు 0.7 శాతము. ఇరువది యేండ్ల నాటి అంకెలివి. తరువాత సెల్‌ఫోను వచ్చినది, కేంద్రముల సంఖ్య పెరిగినది. అయినను దుకాణదారుడు ప్రభుత్వోద్యోగికి రెండింతలకు పైగా గురుత్వము వహించెనన్న ఆ సంగతి మరువదగినది కాదు. మందు అమ్ముకొనువాడు మందు వద్దని చెప్పుట అరుదు.

ఇచ్చట ఒక విచిత్రము గమనింపదగియున్నది. హైదరాబాదు రాజేంద్రనగరులోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ, అనగా మేనేజ్, 2003లోనే ఈ దుకాణదారులకై ఒక డిప్లొమాను ప్రారంభించినది. వ్యాపారము చెడకుండ వారమునకొక దినము, సాధారణముగా ఆదివారమునాడు, తరగతి నడపుదురు. అట్లు 48 వారములు. నడుమ పొలములకు తీసికొనిపోదురు. సంవత్సరమునందలి పంటలన్నియు వారి కన్నులయెదుట పెరిగి కోతకు వచ్చును. ఇది మంచి ఏర్పాటే. కాని విత్తనము అమ్మువానికి 48 వారములు, దానిని విత్తువానికి ఒక్క వారము అనునది మాత్రము సమంజసముగా లేదు. వ్యవసాయ కళాశాల విద్యార్థి సయితము నాలుగవ సంవత్సరమున కొన్ని నెలలు పల్లెలో కాపురముండి రైతునుండి నేర్చుకొనును.

మొదట తలపెట్టినది ఇట్లు కాదు. 1964–66 నాటి కొఠారీ విద్యాసంఘము గ్రామీణ యువకుల వ్యవసాయ విద్యకై ప్రత్యేక సంస్థలు కావలెనని చెప్పినది. ఆ ఆలోచన కొన్ని సంఘముల చేతులు మారి, 1973లో మోహన్ సింహ మెహతా అధ్యక్షత వహించిన సంఘము నివేదికలో రూపుదిద్దుకొన్నది. 1974లో పుదుచ్చేరిలో మొదటి కృషి విజ్ఞాన కేంద్రము వెలసినది. నేడు దేశమున అట్టివి ఏడువందలకు పైగా నున్నవి. మెహతా సంఘము పెట్టిన నియమములు మూడు: ఉత్పత్తి పెంపు ముఖ్యలక్ష్యము కావలెను, బోధన పనిచేయుట ద్వారా జరుగవలెను, గ్రామమున బలహీనవర్గములకు మొదటి తావు దక్కవలెను. రెండవ నియమమును ఆ సంఘము అలంకారముగా పెట్టలేదు. అక్షరాస్యత కొలదిగా నున్న దేశములో, ఉపన్యాసముకంటె చేతిపని సుబోధకమని తెలిసియే పెట్టినది. కాని జిల్లాకొక కేంద్రము, కేంద్రమునకు కొలదిమంది శాస్త్రజ్ఞులు, సంవత్సరాంతమున ఎంతమందికి శిక్షణ నిచ్చితిరను లెక్క: ఈ మూడును చేరినపుడు చేతిపని వెనుకబడి ఉపన్యాసము ముందుకు వచ్చుట సహజమే. తలలు లెక్కించుట సులభము. నేర్చినది లెక్కించుట కష్టము.

దీర్ఘకాలపు చదువు లేకపోలేదు. పదవతరగతి పూర్తిచేసిన పల్లెపిల్లలకు వ్యవసాయ విశ్వవిద్యాలయములు రెండేండ్ల పాలిటెక్నిక్ డిప్లొమాను ఏర్పరచినవి. పొలము, పశువులు, యంత్రములు అన్నియు అందులో కలవు. అయితే 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయములలో వ్యవసాయ సహాయకుల నియామకము జరిగినపుడు ఈ డిప్లొమా అర్హతలలో నొకటియైనది. అప్పటినుండి దానిని ఉద్యోగమునకు మెట్టుగా ఎంచువారిని తప్పుపట్టరాదు. అయినను రెండేండ్లు ఇల్లువిడచి చదువగలవాడు సేద్యమునకు తిరిగివచ్చుట తక్కువ. సేద్యమున నున్నవాడు రెండేండ్లు దానిని విడచి పోజాలడు. ఏడు దినములకును రెండు సంవత్సరములకును నడుమ, సేద్యము చేయుచునే నేర్చుకొను మార్గమొకటి కావలెను.

చదువును సేద్యపు కాలమునకు అమర్చుట కొత్త విషయము కాదు. డెన్మార్కులో గ్రుండ్విగ్ ఆశయముల ననుసరించి 1844లో రోడింగ్ అను ఊర మొదటి జానపద ఉన్నత పాఠశాల స్థాపింపబడినది. మంచు కురియు నెలలలో పొలమున పనియుండదు. యువరైతులు అప్పుడే వచ్చి, అచ్చటనే నివసించి చదువుకొనెడివారు. పరీక్షలు లేవు. పాఠములందు చరిత్ర, భాష, పాట ముఖ్యములు. సేద్యపు మెలకువలకు వేరుగా వ్యవసాయ పాఠశాలలు వెలసినవి. 1870 తరువాత అమెరికానుండి చవకగా ధాన్యము వచ్చిపడగా డేనిష్ రైతులు గింజల సేద్యమును తగ్గించి పాడివైపు మరలిరి. 1882లో మొదటి సహకార వెన్నకేంద్రమును నెలకొల్పుకొనిరి. ఈ మార్పునకు ఆ పాఠశాలలే కారణమనుట అతిశయోక్తి. కలిసికూర్చుండి చర్చించి ఒక నిర్ణయమునకు వచ్చు అలవాటు వారికి ముందే కలదనుట మాత్రము యథార్థము. మన దేశమున చలికాలపు సెలవు లేదు. రబీ, ఖరీఫులు ఒకదానిని ఒకటి తరుముచుండును. కావున మనకు తగిన మాదిరి మరియొక చోట వెదకవలెను.

అది వరి పండు ఇండోనేషియాలో దొరకినది. అచ్చట సుడిదోమ 1970 తరువాత పదేపదే విరుచుకుపడి వేలాది హెక్టార్ల వరిని మాడ్చివేసినది. మందులు చల్లినకొలది దోమ తగ్గకపోగా పెరిగినది. కారణము పొలములోనే కలదు. వలపన్నక, దుబ్బుల మొదళ్లలో పరుగెత్తి వేటాడు ఒకజాతి సాలీడు దినమునకు 5 మొదలు 15 దోమలను తినును. మిరిడ్ నల్లి యను చిన్న పచ్చని పురుగు దోమ గ్రుడ్లను పీల్చివేయును. చల్లిన మందు వీటిని చంపును. ఆకుతొడిమెలలో దాగిన దోమగ్రుడ్లను చంపజాలదు. వారము గడచుసరికి గ్రుడ్లు పగిలి పిల్లదోమలు వెలువడును. వాటిని తినువారు పొలమున ఉండరు. 1986లో ఇండోనేషియా ప్రభుత్వము వరిపై 57 రకముల మందులను నిషేధించినది. నిషేధము వ్రాతమూలకముగా వచ్చినది. రైతు మనస్సులో నాటుకొనుట ఎట్లు? దీనికై 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ప్రారంభించినవే రైతు పొలంబడులు.

పొలంబడిలో 25 మంది రైతులు వారమునకొక ఉదయము పొలమున కలియుదురు. నాటునది మొదలు కోతవరకు. అయిదుగురు చొప్పున జట్లుకట్టి, ఒక్కొక్క జట్టు పది దుబ్బులను వంగి పరీక్షించును. పిలకలెన్ని, దోమలెన్ని, సాలీళ్లెన్ని అని లెక్కించి, పెద్ద కాగితముపై నడుమ వరిదుబ్బును, ఒకప్రక్క శత్రువులను, మరియొకప్రక్క మిత్రులను రంగులతో చిత్రింతురు. తరువాత చెట్టునీడన కూర్చుండి ఈ వారము ఏమి చేయవలెనో వాదించుకొందురు. బోధకుడు జవాబు చెప్పడు. ‘ఇది ఏ పురుగు?’ అని అడిగినచో, ‘ఎక్కడ దొరకినది, ఏమి తినుచుండగా చూచితిరి?’ అని ఎదురు ప్రశ్న వేయును. రైతునకు మొదట విసుగు పుట్టును. నాలుగవ వారమునకు ఆ ప్రశ్నలను అతడే వేయనారంభించును.

అచ్చట చేయు రెండు ప్రయోగములు ఏ ఉన్నతపాఠశాలలోనైనను చేయదగినవి. సన్నని వలగుడ్డ చుట్టిన రెండు కుండీలలో వరిదుబ్బులు నాటి, రెండింటిలోను సమానముగా సుడిదోమలను విడిచి, ఒకదానిలో మాత్రము రెండు సాలీళ్లను వదలుదురు. మరునాడు లెక్కించినచో ఉపన్యాసముతో పని లేదు. రెండవది మరింత ధైర్యముతో కూడినది. పైరు పిలకతొడుగు దశలో నున్నప్పుడు ఒక చిన్న మడిలో పదింట ఒక పిలకను కత్తిరింతురు. కాండము తొలుచు పురుగు మొవ్వును చంపినట్లే యుండును. ప్రక్కమడిని అట్లే విడుతురు. కోతనాడు రెండింటి ధాన్యమును తూచినచో భేదము సాధారణముగా స్వల్పము. కొత్త పిలకలు తొడిగి మొక్క లోటు తీర్చుకొనును. పూతదశలో వచ్చు తెల్లకంకులకు ఈ పరిహారము లేదు. ఒక ఎండిన మొవ్వును చూచిన వెంటనే దుకాణమునకు పరుగెత్తు యువకునకు ఈ భేదము తెలియుట ఎన్ని ఉపన్యాసములకు సాటి! ఇది తెలియుటకు పిలకల దశ, కోత, రెండును చూచియుండవలెను. ఏడు దినములలో ఈ ప్రయోగము సాధ్యము కాదు.

పొలంబడిపై విమర్శలు లేకపోలేదు; అవి తేలిగ్గా తోసివేయదగినవియు కావు. 2004లో ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు ఇండోనేషియా గ్రామముల లెక్కలను పరిశీలించి, శిక్షణ పొందినవారి దిగుబడులలోగాని మందుల వాడుకలోగాని చెప్పుకొనదగిన మార్పు కనబడలేదనియు, వారినుండి పొరుగువారికి విద్య ప్రాకలేదనియు ప్రకటించిరి. దీనికి ప్రతివాదములు వచ్చినవి. ఇతర పరిశీలకులు మందుల వాడుక తగ్గినదని చూపిరి. కాని రెండవ ఆక్షేపణ, అనగా విద్య ప్రాకదనుట, ఆలోచింపదగినదే. ఫలానా మందు ఇంత చల్లుడని చెప్పు మాట ఒకరినుండి మరియొకరికి గట్టుమీదనే చేరును. సాలీడును గుర్తించి, లెక్కించి, నిర్ణయించు నేర్పు అట్లు చేరదు. ఈత వంటిది, నీటిలో దిగినవానికే వచ్చును.

ఇక వ్యయము. ఒక బోధకుడు వారమున అయిదు దినములు అయిదు పొలంబడులు నడపినచో, 20 వారముల పంటకాలమున 125 మంది తయారగుదురు. అతడే వారమునకొక జట్టు చొప్పున 25 మందిని కూర్చుండబెట్టి చెప్పినచో అదే కాలమున 500 మందికి ప్రమాణపత్రములు ముట్టును. పైయధికారి ముందున్న కాగితముపై 500 గొప్ప, 125 తక్కువ. ఇందులో అధికారిని నిందించి లాభము లేదు. శిక్షణ కోరి బయట నిలుచున్నవారు నిజముగానే వేలమంది. కాని ఈ 500 లోని ప్రతివాడును మొదటి తెగులు నాడు దుకాణదారుని వద్దకే పోవునట్లయినచో, లెక్కలోని పెద్ద అంకెకు విలువ ఏమి?

బోధకుల కొరతకు మార్గము 2003 సర్వేలోనే కలదు. రైతునకు విషయము తెలుపువారిలో మొదటివాడు తోటి రైతే. ఇండోనేషియాలో పొలంబడి ముగించినవారిలో చురుకైనవారిని ఎన్నుకొని వారిచేతనే కొత్త పొలంబడులు నడిపించిరి. తెలుగునాట మందులు లేని సేద్యమును వ్యాపింపజేయు ఉద్యమములో స్త్రీలు, పురుషులు పలువురు అనుభవజ్ఞులు ఇట్లే పొరుగూళ్లకు పోయి బోధించిరి. వీరికి పట్టము లేదు. దిన వేతనమైనను సకాలమున చెల్లింపని చోట్ల వీరు నిలువరు.

పురుగుల లెక్క మాత్రమే గాక నీటి లెక్కయు రైతులు చేయగలరని ఉమ్మడి ఆంధ్రప్రదేశమున నిరూపింపబడినది. 2003 మొదలు కొన్ని సంవత్సరములు అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, నల్లగొండ, మహబూబునగరు జిల్లాలలో రైతుల చేతనే భూగర్భజలమును కొలిపించిన పథకమొకటి నడచినది. ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడినది. పదునైదు దినములకొకమారు బోరుబావులలో నీటిమట్టము చూచుట, వర్షమాపకమున వాన కొలుచుట, వాటిని ఊరిగోడపై వ్రాయుట రైతుల పని. రబీకి ముందు అందరును కూడి, భూమిలో నున్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని జమాఖర్చు కట్టెడివారు. ఏ పంట వేయవలెనని ఎవరును శాసింపలేదు.

ఆ లెక్క ఎనిమిదవ తరగతి విద్యార్థికి అందనిది కాదు. ఒక ఎకరము 4,047 చదరపు మీటర్లు. దానిపై 1 మిల్లీమీటరు నీరు నిలిచినచో 4,047 లీటర్లు. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు కావలెననుకొన్నచో ఎకరమునకు 48 లక్షల లీటర్లకు పైమాట. వేరుసెనగకు 500 అనుకొన్నచో 20 లక్షల పైచిలుకు. ఈ రెండంకెలను గోడమీద ప్రక్కప్రక్కన చూచిన రైతునకు పంటమార్పిడిని గూర్చిన ఉపన్యాసము వేరుగా అక్కరలేదు. ధనసహాయము ఆగిన పిమ్మట పలుచోట్ల ఈ కొలతలు సన్నగిల్లినవను విమర్శ వచ్చినది. అది నిజముగా ఆ పథకపు లోపమే. కొలుచు నేర్పు ఊరిలో మిగిలినది గాని, ప్రతి సంవత్సరము కొలువవలెనని కనిపెట్టియుండు సంస్థ మిగులలేదు.

అట్టి సంస్థ పల్లెలలో ఏది కలదు? తెలంగాణమున 2020–21లో సుమారు 2,600 రైతువేదికలు కట్టిరి. ఆంధ్రప్రదేశమున 2020లో రైతుభరోసా కేంద్రములు పదివేలకు పైగా తెరచిరి. ఇవి కూర్చుండుటకు తగిన చోట్లు. కాని సూక్ష్మదర్శిని, త్రాసు, కొలజాడీలు, ఉదజని సూచిక కాగితములు, వాటిని వాడనేర్చిన మనిషి, ఇవన్నియు ఒక్కచోట నుండునది ఉన్నతపాఠశాలలో. 2015లో ప్రారంభమైన భూసార పత్రికల పథకమున రైతు చేతికి వచ్చిన పత్రమునందు 12 అంశములుండును: ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనము, నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, జింకు మొదలైనవి. ఆ పత్రము పెట్టెలో మడచి దాచుకొన్న ఇంటిలోనే పదవతరగతి బాలిక ఆమ్లములు, క్షారములు అను పాఠము బట్టీపెట్టుచుండును. రెండింటిని కలుపుటకు కొత్త భవనము అక్కరలేదు.

ఉపాధ్యాయునిపై మరియొక బరువు మోపుట కాదా యన్నచో, జీతము చెల్లింపక మోపినచో బరువే. సేద్యము ఉపాధ్యాయుడు చెప్పనక్కరలేదు. దానికి అనుభవజ్ఞుడైన రైతు కలడు, నెలకొకమారు కృషి విజ్ఞాన కేంద్రపు శాస్త్రజ్ఞుడు వచ్చిన చాలును. గదిని, పరికరములను తెరచుట, కొలతలు సరిగా తీయించుట, పుస్తకమున వ్రాయించి భద్రపరచుట ఉపాధ్యాయుని వంతు. కౌలుదారుని, పనికిపోవు యువతిని పిలుచుట మరువరాదు. మెహతా సంఘపు మూడవ నియమము వారిని గూర్చినదే. వచ్చు సంవత్సరము తనది కాదని తెలిసిన చేనిలో సేంద్రియ కర్బనము పెంచుమని కౌలుదారునికి చెప్పి లాభము లేదు గాని, సుడిదోమను లెక్కించుట, రెండు మీటర్లకొక 20 సెంటీమీటర్ల కాలిబాట విడుచుట ఈ పంటలోనే అతనికి పనికివచ్చును.

కాలము కూడ కలిసివచ్చును. బడులు జూన్ నెలలో తెరచుదురు. నారుమళ్లు పోయునది అప్పుడే. స్వర్ణ కోతకు వచ్చుసరికి అర్ధసంవత్సర పరీక్షలు సమీపించును. ఈ నడుమ ఇరువదికి పైగా ఆదివారములు కలవు. ఆ దినములలో బడిగదులు తాళమువేసి యుండును. కావలసినవి పదింతలు పెద్దవిగా చూపు చేతి భూతద్దములు పది, ఒక వర్షమాపకము, బావిలోనికి దింపు కొలతాడు, రంగుపెన్సిళ్లు, పెద్ద కాగితములు.